సముద్రంలో దిగేముందు: అలల సూచనను చదవడం

బస్తరుకు సముద్రం లేదు. అయినా బస్తరువారికి సముద్రం మరీ దూరం కాదు. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం ఓడరేవుకు చేర్చడం కోసం 1960వ దశకంలో వేసిన కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం దండకారణ్యాన్ని బంగాళాఖాతంతో కలిపింది. ఆ దారిన ఖనిజం బండ్లతో పాటు మనుషుల బండి కూడా నడుస్తుంది. దంతెవాడలోనో జగదల్‌పూర్‌లోనో ఎక్కినవారు కోరాపుట్, అరకు మీదుగా సొరంగాలు దాటుకుంటూ కొండ దిగి విశాఖ చేరుకుంటారు. కొందరు ఆస్పత్రి పని మీద వస్తారు, కొందరు చుట్టాల ఇంటికి, మరికొందరు కూలిపనికి. వచ్చిన పని ఏదైనా, అది ముగిశాక చాలామంది చేసేది ఒకటే. రామకృష్ణా బీచికి వెళ్ళి, చెప్పులు ఇసుకలో విడిచి, నీళ్ళలో కాలు పెడతారు.

చిక్కు అక్కడే ఉంది. ఇంద్రావతిలోనో శబరిలోనో చిన్నప్పుడే ఈత నేర్చినవారు తమకు నీళ్ళ సంగతి తెలుసనుకుంటారు. నది సంగతి వారికి నిజంగానే తెలుసు. నదిలో నీరు ఒకవైపే పోతుంది, ఎటు పోతుందో కంటికి కనిపిస్తుంది, లోతెక్కడో ఊరివారు చెబుతారు. సముద్రం ఒడ్డున నీరు మీదికి వస్తుంది, వెనక్కి పోతుంది, పక్కకు కూడా జరుగుతుంది. నిన్న మోకాలి లోతున్న చోట ఇవాళ మెడలోతు ఉండవచ్చు. ఈత రానివారి కంటే నదిలో ఈత వచ్చినవారే ఎక్కువ ధైర్యంగా లోపలికి పోతారు. అందువల్ల ఈ విషయం వారికి మరింత అవసరం.

సముద్రం రేపు ఎలా ఉంటుందో ముందుగా చెప్పే ఏర్పాటు మన దేశంలో ఉంది. ఆ సూచనలో వచ్చే అంకెలకు అర్థం ఏమిటో, వాటిలో దేన్ని ముందు చూడాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

అల ఎక్కడ పుడుతుంది?

చెరువు గట్టున నిలబడి చూడండి. గాలి వీచినప్పుడు నీటి మీద చిన్న చిన్న అలలు లేస్తాయి, గాలి ఆగగానే అణిగిపోతాయి. సముద్రంలో కూడా అలలను పుట్టించేది ప్రధానంగా గాలే. అల ఎంత పెద్దదవుతుందన్నది మూడు సంగతుల మీద ఆధారపడుతుంది. గాలి ఎంత వేగంగా వీచింది, ఎంతసేపు వీచింది, ఎంత దూరం అడ్డు లేకుండా నీటి మీద వీచింది అన్నవే ఆ మూడు.

దగ్గరలో వీస్తున్న గాలి వల్ల పుట్టిన అలలు పొట్టిగా, గజిబిజిగా, ఒకదానిమీద ఒకటి పడుతూ వస్తాయి. వీటిని గాలి అలలు అందాం. వేల కిలోమీటర్ల దూరంలో ఏదో తుఫాను పుట్టించగా, ఆ తుఫానును వదిలి ప్రయాణం చేసి వచ్చిన అలలు వేరే రకం. అవి పొడుగ్గా, నున్నగా, వరుసగా వస్తాయి. వీటిని ఇంగ్లీషులో స్వెల్ అంటారు. మనం దూరపు అలలు అందాం.

ఈ దూరపు అలలు ఎంత దూరం నుంచి వస్తాయంటే నమ్మడం కష్టం. భూమధ్యరేఖకు దక్షిణాన 40 డిగ్రీల అక్షాంశం దాటాక హిందూ మహాసముద్రంలో ఏడాది పొడుగునా పెద్ద గాలులు వీస్తాయి. అక్కడినుండి విశాఖ దాదాపు 6,400 కిలోమీటర్లు. 14 సెకండ్లకొకటి చొప్పున వచ్చే అలల గుంపు గంటకు 39 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. లెక్క వేసి చూడండి, ఆరేడు రోజుల ప్రయాణం. అంటే ఇవాళ మీ కాళ్ళను తడిపిన అల పోయినవారం, మీరెప్పుడూ చూడని చోట, మీరెప్పుడూ వినని తుఫానులో పుట్టి ఉండవచ్చు. ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉంటుంది, గాలి ఉండదు. అల మాత్రం వస్తుంది.

1963లో వాల్టర్ మంక్ అనే శాస్త్రవేత్త తన బృందంతో కలిసి అంటార్కిటికా వైపు పుట్టిన అలలను పసిఫిక్ మహాసముద్రం పొడుగునా అలాస్కా వరకు వెంటాడి కొలిచాడు. అదే మంక్, తన గురువు స్వెర్‌డ్రుప్‌తో కలిసి రెండవ ప్రపంచ యుద్ధకాలంలోనే అలలను ముందుగా లెక్కగట్టే పద్ధతి తయారు చేశాడు. సైనికులను పడవల్లో ఒడ్డుకు దింపాలంటే ఒడ్డున అల ఎంత ఎత్తు ఉంటుందో తెలియాలి కదా. 1944 జూన్‌లో నార్మండీ తీరంలో సైన్యాలు దిగేముందు ఈ పద్ధతినే వాడారు. ఈనాడు సెలవు రోజున స్నానానికి వెళ్ళేవారికి పనికివచ్చే సూచన అలా యుద్ధ అవసరం నుంచి పుట్టింది.

సూచన ఎవరు ఇస్తారు?

మన దేశంలో ఈ పని చేసేది హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం. పొట్టిగా ఇన్‌కాయిస్ అంటారు. ఇది 1999లో ఏర్పడింది. సముద్రం లేని హైదరాబాదులో సముద్రం కేంద్రమా అని మీకు నవ్వు రావచ్చు. గాలి ఎలా వీస్తుందన్న అంచనాను కంప్యూటరుకు ఇచ్చి, దానినుంచి అలలను లెక్కగట్టడానికి ఒడ్డున కూర్చోవలసిన పని లేదు. లెక్క సరిగా ఉందో లేదో చూడటానికి మాత్రం సముద్రంలో తేలే కొలబోయాలు, ఉపగ్రహాలు ఉన్నాయి. విశాఖ తీరానికి ఎదురుగా కూడా అలలను కొలిచే బోయా ఒకటి ఉంచారు.

ఈ కేంద్రం రాబోయే కొద్ది రోజులకు అల ఎత్తు, దిశ, ఆవర్తన కాలం, గాలి వేగం, ప్రవాహాలు మొదలైనవాటిని ముందుగా చెబుతుంది. ఇంటర్నెట్‌లోను, సెల్‌ఫోనులోను ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. జాలరులకు హెచ్చరికలు తెలుగులో కూడా అందుతాయి. అలల మీద పలకతో జారే సర్ఫింగ్ ఆటగాళ్ళు ఋషికొండ వైపు కనిపిస్తారు. ఇటువంటి సూచనను వారంత శ్రద్ధగా చదివేవారు ఒడ్డున ఇంకెవరూ ఉండరేమో. వారికి మంచి అల కావాలి. మనకు ప్రాణం కావాలి. చదవవలసిన అంకెలు మాత్రం ఇద్దరికీ అవే.

అంకెలను చదువుదాం

అభ్యాసం కోసం సూచనలో ఇలా ఉందనుకోండి.

శనివారం ఉదయం 8.30 గంటలు: అల ఎత్తు 0.9 మీటరు, ఆవర్తన కాలం 14 సెకండ్లు, గాలి వాయవ్యం నుండి 5 నాట్లు.

ఆదివారం మధ్యాహ్నం 2.30 గంటలు: అల ఎత్తు 1.1 మీటరు, ఆవర్తన కాలం 6 సెకండ్లు, గాలి దక్షిణం నుండి 14 నాట్లు.

ఈ రెండింటిలో ఏ రోజు ఒడ్డున అల బలంగా ఉంటుంది? చదవడం ఆపి, మీ జవాబును పుస్తకంలో రాసుకోండి.

చాలామంది ఆదివారం అని రాస్తారు. అల ఎత్తు ఎక్కువ, గాలి ఎక్కువ కాబట్టి. అయితే జవాబు శనివారం. ఎందుకో చూద్దాం.

మొదట అల ఎత్తు అంటే ఏమిటో చూడాలి. అల శిఖరాన్ని శృంగం అని, పల్లాన్ని ద్రోణి అని అంటారు. ఈ రెంటి మధ్య నిలువు దూరమే ఎత్తు. సముద్రంలో అన్ని అలలూ ఒకే ఎత్తున ఉండవు కాబట్టి సూచనలో ఇచ్చేది ఒక రకం సగటు. వచ్చే అలలన్నింటిలో పెద్దవైన మూడోవంతును తీసుకుని వాటి సగటు చెబుతారు. కాబట్టి 0.9 మీటరు అన్నచోట అంతకు మించిన అలలు కూడా వస్తాయి. చాలాసేపు చూస్తే ఎప్పుడో ఒకటి దానికి దాదాపు రెట్టింపు ఉండవచ్చు. ఈ మాటను అడుగున గీత గీసి పెట్టుకోండి. అంకెను చూసి నడుంలోతు అల అనుకున్నవారిని ముంచేది ఆ ఒక్క అలే.

రెండవది ఆవర్తన కాలం. ఒక శృంగం ఒక చోటు దాటిన తరువాత, తర్వాతి శృంగం అదే చోటు దాటడానికి పట్టే కాలం ఇది. అలకూ అలకూ మధ్య వ్యవధి అన్నా సరే. ఈ అంకెను కొత్తవారు పట్టించుకోరు. నా ఉద్దేశంలో ముందు చూడవలసింది ఇదే. లోతైన నీటిలో అల పొడవు తెలుసుకోవడానికి ఆవర్తన కాలాన్ని దానితోనే హెచ్చించి, మళ్ళీ 1.56తో హెచ్చించాలి. 6 సెకండ్ల అల పొడవు 56 మీటర్లు. 14 సెకండ్ల అల పొడవు 306 మీటర్లు. పైకి రెండూ మీటరు ఎత్తే కావచ్చు, కాని రెండో దాని వెనుక ఉన్న నీటి రాశి ఎంతో ఎక్కువ.

అల మోసుకొచ్చే శక్తిని పోల్చడానికి ఒక సులువైన లెక్క ఉంది. ఎత్తును ఎత్తుతో హెచ్చించి, వచ్చినదాన్ని ఆవర్తన కాలంతో హెచ్చించండి. శనివారం 0.9 × 0.9 × 14 = 11.34. ఆదివారం 1.1 × 1.1 × 6 = 7.26. శనివారం అల ఒడ్డుకు తెచ్చే శక్తి ఒకటిన్నర రెట్లకు పైనే.

అంతేకాదు, ఒడ్డుకు వచ్చేటప్పుడు అల ఎత్తు మారుతుంది. నీరు లోతు తగ్గినకొద్దీ అల అడుగుభాగానికి నేల తగిలినట్లయి నడక తగ్గుతుంది. వెనుక నుంచి వచ్చే శక్తి తక్కువ చోటులో ఇమడవలసి రావడంతో అల పైకి లేస్తుంది. పొడుగైన అల ఎక్కువగా లేస్తుంది. సముద్రంలో 0.9 మీటరున్న 14 సెకండ్ల అల నేరుగా ఒడ్డుకు వస్తే, విరిగే ముందు ఒకటిన్నర మీటర్లు దాటవచ్చు. ఆదివారం అల అంత పెరగదు.

ఇక శనివారం ఉదయం సముద్రం ఎలా కనిపిస్తుంది? గాలి లేదు, నీరు అద్దంలా ఉంది. రెండు మూడు నిమిషాలు అలలు చిన్నవిగా ఉంటాయి. పిల్లలు నడుంలోతుకు వెళతారు. అప్పుడు నాలుగైదు పెద్ద అలలు గుంపుగా వస్తాయి. దూరపు అలల స్వభావమే అంత, గుంపులుగా వచ్చి నడుమ విరామం ఇస్తాయి. ఆదివారం సముద్రం తన కోపాన్ని దాచుకోదు. శనివారం సముద్రం దాచుకుంటుంది.

గాలి దిక్కు

గాలి ఎక్కడినుండి వీస్తుందో ఆ దిక్కు పేరుతోనే దాన్ని పిలుస్తారు. నైరుతి గాలి అంటే నైరుతి నుండి వచ్చేది. గాలి వేగాన్ని నాట్లలో చెబుతారు. ఒక నాటు గంటకు 1.85 కిలోమీటర్లు. 14 నాట్లంటే సుమారు 26 కిలోమీటర్లు.

విశాఖ తీరం ఆగ్నేయానికి ముఖం పెట్టి ఉంటుంది. తెల్లవారుజామున నేల చల్లబడి, గాలి వాయవ్యం వైపు నుండి సముద్రం మీదికి పోతుంది. ఈ గాలి అల ముఖాన్ని నిలబెడుతుంది, అందుకే సర్ఫింగ్ చేసేవారు పొద్దున్నే వస్తారు. మధ్యాహ్నానికి నేల వేడెక్కి గాలి సముద్రం నుండి ఒడ్డుకు వీస్తుంది. అప్పుడు అలలు చెదిరి నురగ నురగగా వస్తాయి.

పొద్దుటి గాలిలో ఒక మోసం ఉంది. గాలి నింపిన ట్యూబుల మీద, బంతుల మీద ఆడే పిల్లలను అది మెల్లగా లోపలికి నెడుతుంది. ఒడ్డు దగ్గర గాలి తెలియదు, నాలుగు బారలు పోయాక తెలుస్తుంది. గాలి ఒడ్డునుండి సముద్రం మీదికి వీస్తున్నప్పుడు ట్యూబుతో దిగకూడదు.

నైరుతి ఋతుపవన కాలంలో, అంటే జూన్ నుండి సెప్టెంబరు వరకు, గాలి, అలలు తీరానికి ఏటవాలుగా వస్తాయి. నీరు ఒడ్డు వెంబడి ఉత్తరం వైపు జరుగుతుంది. ఒక పావుగంట ఆడుకుని బయటికి వచ్చి చూస్తే చెప్పులు కనిపించవు. ఎవరో తీసుకుపోయారని తిట్టుకుంటాం. చెప్పులు అక్కడే ఉంటాయి, మనమే జరిగిపోయాం.

ఇసుక తీరంలో అల విరగడం

కొన్ని తీరాల్లో అల రాతి గుట్టల మీద విరుగుతుంది. రాయి కదలదు కాబట్టి అల రోజూ ఒకే చోట విరుగుతుంది. రామకృష్ణా బీచి వంటి ఇసుక తీరంలో అల ఇసుక మేటల మీద విరుగుతుంది. సర్ఫింగ్ చేసేవారు ఇటువంటి తీరాన్ని బీచ్ బ్రేక్ అంటారు. సుమారుగా చెప్పాలంటే, నీటి లోతు అల ఎత్తుకు ఒకటింబావు రెట్లకు తగ్గినప్పుడు అల విరుగుతుంది. మీటరు అల విరుగుతున్న చోట లోతు మీటరుంబావు ఉంటుందన్నమాట.

విరిగిన ప్రతి అలా కొంత నీటిని ఒడ్డువైపు తోస్తుంది. ఆ నీరు తిరిగి పోవాలి. ఇసుక మేట మీదుగా పోలేదు, ఎందుకంటే అక్కడ అలలు ఎదురుకొడుతున్నాయి. మేటకూ మేటకూ మధ్య ఉన్న సందు గుండా పోతుంది. మడి గట్టుకు గండి పడితే నీరంతా ఆ గండిలో పరుగెత్తినట్లే. ఈ ప్రవాహాన్ని రిప్ కరెంటు అంటారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు విశాఖ తీరంలో వీటిని ప్రత్యేకంగా అధ్యయనం చేశారు. ఇవి సాధారణంగా సెకండుకు అర మీటరు నుండి మీటరు వేగంతో పోతాయి, బలమైనవి రెండు మీటర్లు దాటుతాయి. ఒలింపిక్స్‌లో ఈదేవారు కూడా అంతకంటే పెద్ద వేగంతో ఏమీ ఈదరు.

సందులో నీరు లోతుగా ఉంటుంది కాబట్టి అక్కడ అలలు విరగవు. రెండుపక్కలా తెల్లని నురగ, మధ్యలో ప్రశాంతంగా, కొంచెం ముదురు రంగులో నీరు. ఒడ్డున నిలబడినవారికి ఏమనిపిస్తుంది? అలలు లేని చోటు, పిల్లలను దింపడానికి మంచి చోటు అనిపిస్తుంది. అదే అన్నిటికంటే చెడ్డ చోటు. నది లెక్క ఇక్కడ పూర్తిగా తప్పుతుంది. నదిలో నిలకడగా ఉన్న మడుగే ఈతకు మేలని చిన్నప్పటినుండీ విన్నవారు నేరుగా అక్కడికే నడుస్తారు.

రిప్ మనిషిని అడుగుకు లాగదు, లోపలికి లాగుతుంది. దానికి ఎదురీదినవారు అలసిపోయి మునుగుతారు. చిక్కుకుంటే వెల్లకిలా తేలండి, చెయ్యి ఎత్తి పిలవండి. ఈత బాగా వచ్చినవారు ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, నురగ ఉన్న చోటికి చేరి, అలలతో పాటు ఒడ్డుకు రావాలి. ఒడ్డున ఉన్నవారు వెంటనే దూకకూడదు. ఇది చెప్పడం సులువు, కన్నబిడ్డ మునుగుతుంటే ఆగడం కష్టం. అయినా ఒకరికోసం దూకి మరో ఇద్దరు పోవడం తరచు జరుగుతుంది. మూత బిగించిన ఖాళీ నూనె డబ్బా, గాలి ట్యూబు, తాడు, ఏది దొరికితే అది విసిరి, బీచి రక్షకులను, దగ్గరలోని జాలరులను కేక వేయండి.

సూచన చెప్పలేనిది

సూచన సముద్రానిది. మీరు దిగే చోటిది కాదు. రిప్ ఎక్కడ ఉందో ఈ అంకెల్లో తెలియదు, ఎందుకంటే ఇసుక మేటలు కాలాన్నిబట్టి మారుతుంటాయి, ఒక తుఫాను తరువాత పూర్తిగా చోటు మారవచ్చు. ఆటుపోట్లు కూడా లెక్కలోకి వస్తాయి. విశాఖలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటుకు, పోటుకు మధ్య నీటిమట్టం తేడా సుమారు మీటరున్నర. ఆటు సమయంలో మేటల మీద లోతు తగ్గి నీరు సందుల్లోకే ఎక్కువగా చేరుతుంది, రిప్ బలపడుతుంది. అందుకే సూచన చూసుకుని వచ్చినా, ఒడ్డున పదిహేను నిమిషాలు ఊరికే కూర్చుని నీటిని చూడాలి. ఎర్రజెండా ఉంటే దిగకూడదు. జాలరిని అడిగితే, "ఇక్కడొద్దు బాబూ, అటు పోండి" అని ఒక్క మాటలో చెప్పేస్తాడు.

తుఫాను వచ్చినప్పుడు ఎవరూ సముద్రంలో దిగరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. అది బలహీనపడి ఛత్తీస్‌గఢ్ మీదుగానే ఉత్తరానికి సాగింది. అటువంటప్పుడు రేడియో చెబుతుంది, ఓడరేవులో ప్రమాద సూచిక ఎగురుతుంది, ఆకాశమే చెబుతుంది. దూరపు అలకు ఇవేవీ ఉండవు. 2024 మే మొదటి వారంలో దక్షిణ సముద్రాల నుండి పెద్ద అలలు వస్తున్నాయని ఇన్‌కాయిస్ ముందుగానే హెచ్చరించింది. మే 6న కన్యాకుమారి జిల్లాలోని ఒక బీచిలో ఐదుగురు వైద్య విద్యార్థులు అలలకు కొట్టుకుపోయి మరణించారు. వారు చదువుకున్నవారు. సూచన కూడా ఉంది.

మీరే చేసి చూడండి

సముద్రానికి వెళ్ళినప్పుడు గడియారం దగ్గర పెట్టుకుని ఒడ్డున కూర్చోండి. దూరంగా, అలలు విరిగే చోట ఒక గుర్తు చూసుకోండి. ఒక అల అక్కడ విరిగినప్పుడు సున్నా అనండి. తరువాతి అలను ఒకటి అని లెక్కపెట్టండి. పదో అల వచ్చేసరికి ఎన్ని సెకండ్లయిందో చూసి పదితో భాగించండి. అదే ఆవర్తన కాలం. పదికి మించి వస్తే అవి దూరపు అలలని అనుకోవచ్చు. అప్పుడు చీలమండ లోతు దాటకండి.

ప్రశ్న 1. పది అలలకు 120 సెకండ్లు పట్టింది. ఆవర్తన కాలం ఎంత? లోతైన నీటిలో ఆ అల పొడవు ఎంత?

ప్రశ్న 2. ఉదయం 7 గంటలకు గాలి వాయవ్యం నుండి వీస్తున్నది. విశాఖ తీరంలో ఆ గాలి ట్యూబును ఎటు తీసుకుపోతుంది?

ప్రశ్న 3. ఒడ్డున నిలబడి చూస్తే రెండు చోట్ల నురగ, నడుమ పది బారల వెడల్పున నురగ లేని నీరు కనిపించింది. ఆ నడిమి చోట అల ఎందుకు విరగడం లేదు?

జవాబులు: 1. 12 సెకండ్లు, 1.56 × 12 × 12, అనగా సుమారు 225 మీటర్లు. 2. ఒడ్డునుండి దూరంగా, ఆగ్నేయం వైపు, సముద్రంలోకి. 3. అక్కడ లోతు ఎక్కువ. నీరు వెనక్కి పోయే సందు అదే.